మంచుకొండలకు పిల్లలతో
(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను మాటలాడబోవు విషయము ఆహ్వానపత్రికలో చూచి కొందఱు నవ్విరని తెలిసినది. నవ్వవలసినదే. ఆరణి యేటిలో సంవత్సరమున పెక్కు దినములు ఇసుకయే గాని నీరు కనబడని మన ఊత్తుకోటలో, మంచుపై జారు స్కీ విద్యను గూర్చి ప్రసంగమేమి? అయినను ఈ విషయమును తెచ్చినది నేను కాదు. మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె “నేను చూడగోరు ప్రదేశము” అను వ్యాసములో, హిమాలయమునకు వెళ్ళి స్కీ పలకలపై జారుట నేర్చుకొనవలెనని రెండు పుటలు వ్రాసి, తుదిని “మా నాయన దగ్గర అంత డబ్బు లేదు కాబట్టి టీవీలోనే చూస్తాను” అని ముగించినది. తెలుగు ఉపాధ్యాయిని ఆ వ్యాసము నాకు చూపి, “మీరు రెండు పర్యాయములు వెళ్ళి వచ్చితిరి గదా, ఈ పిల్ల తండ్రికి ఏమి చెప్పుదురు?” అని అడిగిరి. ఆయనకు చెప్పవలసినదే మీ అందఱికిని చెప్పుచున్నాను. “అంత డబ్బు” దేనికి పోవును, దేనికి పోనక్కఱలేదు అనునదే నా మాటల సారము.

ముందుగా భాషకు సంబంధించిన చిక్కు ఒకటి తీర్చవలెను. తెలుగున “మంచు” అనునది ఒక్కటే మాట. తెల్లవాఱుజామున గడ్డిపై నిలుచు బిందువులును మంచే. దారి కనబడకుండ క్రమ్ము పొగయు మంచే. హిమాలయమున ఆకాశము నుండి దూదివలె రాలునదియు మంచే. మనము వీధిలో వినునట్టి తమిళమున “పని” అను మాటయు ఇట్లే అన్నిటికిని చెల్లును. అందుచేత లంబసింగిని ఆంధ్ర కాశ్మీరమని పత్రికలు వ్రాసినప్పుడు, అచ్చట జారవచ్చునని మన పిల్లలు తలంతురు. లంబసింగిలో చలి నిజము, పొగమంచు నిజము. ఉదకమండలమున శీతకాలపు ఉదయములందు గడ్డిపై తెల్లగా పేరుకొను మంచును నిజమే. కాని స్కీ పలక మోపుటకు చాలినంత హిమము దక్షిణదేశమున ఎచ్చటను పడదు. ఉత్తరమునకు పోవలసినదే.

స్కీ అను మాట నార్వే దేశమువారిది. చీల్చిన కట్టె అని దాని మూలార్థము. పాదమునకు బిగించుకొన్న రెండు పొడవైన పలకలపై నిలిచి వాలుమీదుగా దిగుట, అంతే ఆ విద్య. ఆరణి గట్టున తాటిమట్టపై కూర్చుండి జారని బాలుడు మన వీధులలో నుండడు గనుక, ఇది మనకు బొత్తిగా క్రొత్తదియు కాదు. (పూండికి పోవు కృష్ణానీటి కాలువ గట్టున మాత్రము ఆ ఆట వలదని తల్లిదండ్రులు గట్టిగా చెప్పవలెను.)

ఇక నా మొదటి ప్రయాణము సంగతి. రెండేండ్లు కట్టిన చీటీ యెత్తి, భార్యను, ఇద్దఱు బిడ్డలను, మా అమ్మగారిని వెంటబెట్టుకొని, డిసెంబరు చివర అర్ధసంవత్సర పరీక్షల సెలవులలో బయలుదేఱితిని. ఊరు పేరు చెప్పను. చాయాచిత్రములు చూచి ఎన్నుకొంటిని, అదియే తప్పు. చిత్రములలో నున్న హిమము ఫిబ్రవరి మాసపుది. మేము చేరునప్పటికి క్రింది వాలులన్నియు ఎండిన గడ్డితో నుండెను. హిమము పైకొండపై నున్నదనిరి. అచ్చటికి అద్దె జీపు, జీపు దిగిన పిదప గుఱ్ఱము. బస ఊరి నడుమ నుండుటచే దినదినమును ఈ రెండు బాడుగలు తప్పలేదు. ఎట్లో పైకి చేరితిమి. బాడుగ కిచ్చువాడు మా అబ్బాయికి రెండంగుళములు పెద్దవైన బూట్లు తొడిగెను. నేర్పువాడనని చెప్పుకొన్న యువకుడు పది నిమిషములు చేయి పట్టుకొని నడిపించి, పిల్లవాని వెన్నుపై తట్టి నిటారు వాలులో విడిచెను. ఎముక విఱుగలేదు, దేవుని దయ. కాని ఆ మీదట రెండు దినములు వాడు బస గది గడప దాటలేదు. మా అమ్మగారు తలనొప్పితో జీపులోనే కూర్చుండిరి. క్రిందికి దిగిన పిమ్మట ఎవరో ఆమె చేతిలో గుప్పెడు హిమము పెట్టగా, “నాయనా, ఇది మన ఐసుపెట్టెలో గీకేదే కదా! దీనికోసరమా ఇంత దూరము?” అనెను. మా ఆవిడ మాత్రము ఏమియు అనలేదు. ఆమె అందఱి కోటులు మోయుచు నిలువబడి యుండుటను నేను ఆలస్యముగా గమనించితిని.

ఇల్లు చేరి లెక్క చూచుకొనగా, మా ఐదుగురిలో హిమముపై నిజముగా గడపినవారు ఇద్దఱు, గడపిన సమయము మూడు గంటలు. చీటీ సొమ్మంతయు ఆ మూడు గంటలకు పోయినది. నన్ను బాధించినది సొమ్ము కాదు. ఆ పిల్లవాడు అటుపిమ్మట ఈతకొలనునకు పోవుటకును జంకెను.

రెండవ ప్రయాణము మూడేండ్లకు గాని కుదురలేదు. ఈ మాఱు ఎంత యెత్తు, ఎంత ప్రసిద్ధి అని విచారింపక, నేర్చుకొనువారి వాలు ఎట్టిదని మాత్రమే విచారించితిని. ఈ ఒక్క ప్రశ్న సరిగా అడిగినచో తక్కిన ఖర్చులు వాటియంతట అవియే తగ్గును. ఫ్రాన్సు దేశమున వాలులకు రంగు గుర్తులుండును: తొలి నేర్పువారికి ఆకుపచ్చ, పిమ్మట నీలము, ఎఱుపు, ఆరితేఱినవారికి నలుపు. మన దేశమున అట్టి గుర్తులను నమ్ముకొని పోవుటకు వీలులేదు గనుక కన్నులతో చూడవలెను. వాలు అడుగున విశాలమైన చదును నేల ఉన్నదా? పలకలపై నిలిచిన మనిషి, ఆపుకొనుట చేతగాకున్నను, ఆ చదునులో తనంతట తానే నిలిచిపోవునా? చెట్లు, రాళ్ళు, వాహనములు దూరముగా నున్నవా? ఈ మూడింటికి ఔనను సమాధానము వచ్చినచో, ఆ వాలు మన ఊరి గట్టంత చిన్నదైనను చాలును. మొదటి మూడు దినములు ఎవ్వరును అంతకంటె పెద్ద వాలు ఉపయోగింపలేరు. పైకొండ టిక్కెట్టు, గుఱ్ఱము, జీపు, ఇవన్నియు చేతగాని విద్యకు ముందుగా చెల్లించు సుంకములు.

ఇప్పుడు స్థలముల మాట. కాశ్మీరములోని గుల్మార్గు అన్నిటికంటె ప్రసిద్ధము. ఊరే సుమారు 2,650 మీటర్ల యెత్తున నున్నది. తీగబండి రెండు అంచెలుగా అఫర్వత్ కొండపై దాదాపు 3,950 మీటర్ల వఱకు తీసికొనిపోవును. ఆ పై అంచె ఆరితేఱినవారిది. మన పిల్లలకు దానితో పనిలేదు. క్రింద గాల్ఫు మైదానపు మెత్తని వాలులు తొలి నేర్పునకు మిక్కిలి తగినవి. కేంద్ర పర్యాటక శాఖవారి స్కీ శిక్షణ సంస్థయు అచ్చటనే కలదు. 2025 జూను నుండి కట్రా మొదలు శ్రీనగరము వఱకు పొగబండి నడచుచున్నది గనుక విమానమే గతియను స్థితి తప్పినది. కాని మన కట్టకడ దక్షిణము నుండి ప్రయాణ దినములు లెక్కించినచో, పదిదినముల సెలవు లేనివారికి ఇది అందదు.

ఉత్తరాఖండములోని ఔలీ నాకు ఇష్టమైన స్థలము. 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలలోని స్కీ పోటీలు జరిగినది అచ్చటనే. గఢ్వాల్ మండల వికాస నిగమమువారు ఏడు దినముల, పదునాలుగు దినముల స్కీ తరగతులు నడపుదురు. బస, భోజనము, పలకలు, బూట్లు, బోధన అన్నియు ఒకే రుసుములో చేరియుండుట మధ్యతరగతివారికి గొప్ప సౌకర్యము. గది నుండి వాలునకు నడచిపోవచ్చును. అయితే ఋషికేశము నుండి జోషీమఠము వఱకు సుమారు 250 కిలోమీటర్ల కొండదారి. తెల్లవాఱుజామున బయలుదేఱినను ఆ దినమంతయు పట్టును. 2023 జనవరిలో జోషీమఠమున భూమి క్రుంగి వందల ఇండ్లు బీటలువాఱినవి. ఔలీకి పోవు తీగబండిని అప్పుడు ఆపివేసిరి. కావున వెళ్ళదలచినవారు దారి స్థితిని, తరగతుల తేదీలను నిగమము కార్యాలయమునుండియే తెలిసికొని, ఆ పిమ్మటనే టిక్కెట్లు కొనవలెను. బిడ్డలకు వయోనియమము ఉండవచ్చును, అదియు అడుగుడు.

సిమ్లా దగ్గఱ నున్న కుఫ్రీ అందఱి నోటను వినబడును. గుఱ్ఱములు, జనసమ్మర్దము, చాయాచిత్రములు కావలసినవారు పోవచ్చును. నేర్చుకొనువారికి నేను చెప్పను. దానికి ఆవల సిమ్లా నుండి అఱువది కిలోమీటర్లకు పైబడిన దూరమున నార్కండా కలదు. ప్రశాంతమైన ఊరు, సుమారు 2,700 మీటర్లు, చిన్న వాలులు. హిమము పడిన సంవత్సరమున అంతకంటె చవుకయైన స్థలము దొరకదు. పడని సంవత్సరమున ఆపిలు తోటల మోడులు చూచి రావలెను. కాల్కా నుండి సిమ్లాకు 1903లో వేసిన చిన్న పట్టాల పొగబండి 96 కిలోమీటర్లలో నూటికి పైగా సొరంగములు దూరి పోవును. దారిలో పిల్లలు సొరంగములు లెక్కించుచు అన్నమడుగుట మఱచిపోదురు. హిమము లేకున్నను ఆ సంతోషము మిగులును.

మేము రెండవసారి పోయినది మనాలి పైనున్న సోలాంగ్ లోయకు. కారణము చెప్పెదను. మనాలి సుమారు 2,050 మీటర్లు, సోలాంగ్ 2,500. పగలు పైన నేర్చుకొని రాత్రి క్రింద నిదురించవచ్చును. 2,500 మీటర్లు దాటిన యెత్తులలో మొదటి దినములందు తలనొప్పి, వాంతి, నిదురలేమి కొందఱికి కలుగును. ముసలివారికి, చంటిబిడ్డలకు క్రింది బస మేలు. అలిపిరి మెట్లెక్కి తిరుమలకు పోవు మా అమ్మగారు “నాకేమి” అనిరి గాని, మెట్లెక్కు కాళ్ళబలము వేఱు, పలుచనిగాలి వేఱు. మనాలిలో 1961లో స్థాపితమైన పర్వతారోహణ సంస్థ కలదు. ఇప్పుడు దానికి అటల్ బిహారి వాజపేయి పేరు పెట్టిరి. పెద్దపిల్లలకు వారి స్కీ తరగతులు తగినవి. చిన్నపిల్లలున్న కుటుంబము దినకూలిపై నేర్పరిని పెట్టుకొనవలెను. అప్పుడు నేర్పరియొక్క అనుమతిపత్రము చూచి, ఒక దినపు వేతనము మాత్రమే ముందుగా మాటలాడుకొని, పిల్లవానికి అతడు నచ్చినచో మఱునాడును పిలువవలెను. సోలాంగ్‌లో హిమము చాలనప్పుడు 2020 అక్టోబరులో తెఱచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగము దాటి సిస్సూ వైపు పోవువారు కలరు. అది 3,100 మీటర్ల చోటు. చూచి రావచ్చును, నేర్చుకొనుటకు కాదు. మేలో రోతాంగ్ కనుమపై హిమముండును గాని, అది దాదాపు 3,980 మీటర్లు, వాహనములకు అనుమతిపత్రములు పరిమితము. మన వేసవి సెలవులలో స్కీ నేర్పు అను మాటకు మోసపోవలదు.

ఇక్కడ మన పాఠశాలల కాలపట్టిక అడ్డువచ్చును. హిమము నమ్మదగినది జనవరి నడుమ నుండి ఫిబ్రవరి చివఱ వఱకు. మన సెలవులు డిసెంబరు తుదిని. ఆ పదిదినములలో బసల బాడుగ తారస్థాయిలో నుండును, హిమమో సందేహము. ఉన్న మార్గము సంక్రాంతి సెలవులే. వాటికి ముందు వెనుక నాలుగు దినములు కలిపి సెలవు కోరవలెను. మన ప్రధానోపాధ్యాయులవారు నావైపు చూచుచున్నారు. ఆ సంగతి ఆయనయు నేనును వేఱుగా మాటలాడుకొందుము.

పొగబండి మాటకు వత్తును. చెన్నపట్టణము సెంట్రలు నుండి ఢిల్లీకి తమిళనాడు ఎక్స్‌ప్రెస్సును, గ్రాండ్ ట్రంకును కలవు. ఇంచుమించు ఒకటిన్నర దినము. దారిలో నెల్లూరు, బెజవాడ, వరంగల్లు వఱకు కిటికీలో మన భాషయే వినబడును. 2024 నవంబరు నుండి టిక్కెట్లు అఱువది దినములు ముందుగా మాత్రమే ఇత్తురు. సంక్రాంతికి పోవువారు నవంబరు రెండవ వారమున మేలుకొని యుండవలెను. ఐదేండ్లు నిండి పండ్రెండేండ్లు నిండని బిడ్డకు ప్రత్యేకముగా పడక కోరినచో పూర్తి ఛార్జీ, కోరనిచో సగము. ఇద్దఱు చిన్నబిడ్డలు ఒక పడకపై సర్దుకొనుట మన ఇండ్లలో క్రొత్త కాదు.

బట్టలు కొనవలదు. ఇది మా ఆవిడ మాట, నా మాట కాదు. నీరు దిగని పైదుస్తులు, బూట్లు మనాలి నుండి సోలాంగ్ పోవు దారిలో బాడుగకు దొరకును. ఇంటినుండి తీసికొనిపోవలసినవి ఉన్ని మేజోళ్ళు రెండేసి జతలు, చేతితొడుగులు, చెవులు మూయు టోపీ, నల్లకళ్ళద్దములు. క్రొత్త హిమము సూర్యుని అతినీలలోహిత కిరణములలో సుమారు 80 శాతము తిరిగి పైకి విసరును. చలిలో నున్నను ముఖము కమలును. నూలు ప్యాంటు తడిసినచో ఆరదు, పిల్లవాడు వణకును, ఆ దినము ముగిసినట్లే. బూటు తొడిగినప్పుడు బొటనవ్రేలు ముందు తాకీతాకకుండ నుండవలెను, మడమ పైకి లేవరాదు. పలక నిలబెట్టినచో పిల్లవాని గడ్డము దాటరాదు. పడినప్పుడు పాదమును విడిచిపెట్టు బిగింపు పనిచేయుచున్నదా అని బాడుగ కిచ్చువానిచేత మీ యెదుట చూపించుకొనుడు. దీనికి రెండు నిమిషములు పట్టును, పైస ఖర్చు కాదు. మొదటి ప్రయాణమున నేను ఈ రెండు నిమిషములు మిగుల్చుకొంటిని.

నేర్పు ఎట్లు సాగును? మొదటి దినము పలకలు లేకుండ బూట్లతో నడక, పిమ్మట ఒంటి పలక, పిమ్మట ప్రక్కకు పడుట, పడి లేచుట. పడుట నేర్పని గురువు గురువు కాడు. రెండవ దినము ఆపుకొనుట: పలకల ముందు కొనలు దగ్గఱకు, వెనుక కొనలు దూరమునకు జరిపి, లోపలి అంచులపై ఒత్తవలెను. దీనిని నాగలి పట్టు అందురు. మా అబ్బాయి రెండవ ప్రయాణమున మొదటి గంట నా చేయి విడువలేదు. నేర్పరి వృద్ధుడు, హిందీ తప్ప రాదు. వాడిని బలవంతపెట్టక, కఱ్ఱతో హిమముపై నాగలి బొమ్మ గీసి చూపెను. మా తాతగారింట నాగలి చూచిన పిల్లవాడు గనుక తటాలున గ్రహించెను. మూడవ దినము సాయంకాలము ఆ చిన్నవాలు తల నుండి అడుగు వఱకు ఒంటరిగా దిగి, ఎవరును పట్టుకొనకుండ నిలిచెను. ఎంత దూరమందురా? మన పాఠశాల ఆటస్థలపు పొడవు ఉండదు. మా అమ్మగారు మనాలిలో బస ముంగిట ఎండలో కూర్చుండి శనగలు ఒలుచుకొనిరి. మా ఆవిడ ఈ మాఱు కోటులు మోయలేదు. ఆమెయు పలకలు కట్టుకొని, మాకంటె ముందుగా నేర్చుకొనెను.

ఇంటివద్దనే చేయదగిన సాధన ఒకటి కలదు. మాలావత్ పూర్ణ 2014 మే 25న పదునాలుగేండ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కినది. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల బాలిక, కూలిపని చేయువారి బిడ్డ. ఆమె తొలి శిక్షణ హిమాలయమున జరుగలేదు, భువనగిరి బండపై జరిగినది. డార్జిలింగు, లడఖ్ ఆ పిమ్మట. మనకు నాగలాపురపు కొండలు కూతవేటు దూరము. ఆదివారములు పిల్లలతో కొండ నడుచుట, ఒంటికాలిపై నిలుచుట, గొంతుకూర్చుండి లేచుట, ఇవి మూడు మాసములు చేసినచో నేర్పరికి చెల్లింపవలసిన వేతనములో ఒక దినము తప్పక మిగులును. పిల్లవానికి ఇష్టము స్థిరమైనదా, టీవీ మోజా అనునదియు ఆ నడకలలోనే తెలియును. నాలుగు ఆదివారములకు విసిగినవానిని హిమాలయమునకు తీసికొనిపోవలదు. హార్స్‌లీ కొండకు తీసికొనిపొండు. మనవారు దానిని ఏనుగు మల్లమ్మ కొండ యందురు. ఎత్తు 1,265 మీటర్లు, ఉదయము బయలుదేఱి నాటి సాయంకాలమునకే చేరవచ్చును, చీటీ యెత్తనక్కఱలేదు.

ఒక కుటుంబము ఒంటరిగా పోవుటకంటె నాలుగైదు కుటుంబములు కూడి పోవుట చవుక. ఢిల్లీ నుండి బండి బాడుగ పంచుకొనవచ్చును. ఒక నేర్పరిని నలుగురు పిల్లలకు పెట్టుకొనవచ్చును. ఒక తల్లి వంతుకు చంటిబిడ్డలను చూచుకొనినచో తక్కిన తల్లులు వాలుపైకి రావచ్చును. ఈ సభ ముగిసిన పిదప పేర్లు వ్రాయించుకొనుటకు గుమాస్తాగారి యొద్ద ఒక కాగితము ఉంచితిని. ఇప్పుడు ఎవరును సొమ్ము కట్టనక్కఱలేదు. అక్టోబరులో మఱల కలిసికొని, ఔలీయా, సోలాంగా అనునది ఆనాటి వార్తలను బట్టి నిర్ణయించుకొందము.

నా రెండు ప్రయాణముల జమాఖర్చుల పుస్తకము కార్యాలయములో నున్నది. ఎవరైనను చూడవచ్చును. ధరలు మాఱియుండును గాని పద్దులు మాఱవు. మొదటి ప్రయాణపు పుటలు సిగ్గుచేత చింపివేయవలెనని అనుకొని మానితిని. వాటినే ముందుగా చదువుడు. ఆ వ్యాసము వ్రాసిన బాలిక తండ్రిగారు నిన్ననే వచ్చి పుస్తకము ఇంటికి తీసికొనిపోయి, ఈ ఉదయము తిరిగి తెచ్చిరి. జీపు, గుఱ్ఱము అని వ్రాసిన పద్దుల క్రింద పెన్సిలుతో గీతలు గీసియున్నవి. ఆ గీతలను చెఱుపవలదని గుమాస్తాగారికి చెప్పితిని.